మా గుంటకి మొదటి పిస్టల్ కొనేముందు నేను నేర్చుకున్నవి

ముప్ఫై ఆరేళ్లు పోలీసు ఉద్యోగం చేశాను. చింతలవలస ఐదో బెటాలియన్‌లో చేరిన కొత్తలో చేతికిచ్చింది త్రీ నాట్ త్రీ రైఫిల్. తర్వాత ఎస్ఎల్ఆర్, ఆ తర్వాత ఇన్సాస్. అందుకని మా గుంట, అంటే మా అమ్మాయి, వచ్చి "నాన్నా, నేను షూటింగ్ నేర్చుకుంటాను" అన్నప్పుడు, ఇందులో నాకు తెలియనిదేముందిలే అనుకున్నాను. ఎంతుందో తెలియడానికి మూడు నెలలు, ఆరు వేల రూపాయలు పట్టింది.

తనకి ఇరవై నాలుగేళ్లు. విజయనగరంలోనే బ్యాంకు ఉద్యోగం. 2024 జులై 28న పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం కొట్టిన రోజు టీవీ ముందునుంచి లేవలేదు. మర్నాడే ఈ మాట. నేనూ ఆగలేదు, వారం తిరక్కుండా విశాఖలో ఒక దుకాణానికి వెళ్లి, గొట్టం విరిచి ఎక్కుపెట్టే స్ప్రింగు పిస్టల్ ఒకటి తెచ్చేశాను. మొదటి తప్పు అదే. స్ప్రింగు పిస్టల్‌లో పెల్లెట్, అంటే చిన్న గుండు, ఇంకా గొట్టంలో ఉండగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, పిస్టల్ మొత్తం కుదుపుతుంది. చేయి తిరిగినవాడికే అది లొంగదు. కొత్తవాళ్లు ఆ కుదుపుకి భయపడి, ట్రిగ్గర్ నొక్కే ముందే మణికట్టు బిగిస్తారు, కన్ను మూస్తారు. మా అమ్మాయికి ఆ అలవాటు పదిహేను రోజుల్లో పట్టుకుంది, వదిలించడానికి మూడు నెలలైంది. పైగా ప్రతిసారీ దాన్ని విరిచి ఎక్కుపెట్టడానికి కావలసిన బలం చూస్తే, ఇరవై గుళ్లకే చేయి వణుకుతుంది.

కాబట్టి ముందు కొనకండి. ఏదైనా పది మీటర్ల షూటింగ్ రేంజ్‌లో చేర్చి, కనీసం మూడు నెలలు వాళ్ల పిస్టల్‌తోనే కాల్పించండి. మేం ఆదివారాలు విశాఖ వెళ్లొచ్చేవాళ్లం. పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తాం.

అక్కడ నేను రెండో తప్పు చేశాను. తన వెనకాల నిలబడి "భుజం దించు, మోచెయ్యి బిగించు, ఊపిరి ఆపు" అంటూ పెరేడ్ గ్రౌండ్‌లో అరిచినట్టు అరిచాను. నాలుగో గుండుకి పిస్టల్ బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి "నాన్నా, నేను మీ కంపెనీ కానిస్టేబుల్‌ని కాదు" అంది. అక్కడ కోచ్‌గా ఉన్న కుర్రాడు నవ్వాపుకోలేకపోయాడు. ఆ రోజునుంచి నాకు బయట బెంచీయే గతి. పిల్లలు పెద్దవాళ్లైతే కోచింగు పరాయివాళ్లకి వదిలెయ్యాలి. మన పని పెట్రోలు పోయించడం, ప్లాస్కులో టీ మోసుకెళ్లడం.

అయినా రెండు మూడు పనులు ఇంట్లోనే మనం చేసి చూడవచ్చు. మొదటిది కన్ను. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు కలిపి మధ్యలో చిన్న కంత వదలమనండి. ఆ కంతలోంచి దూరంగా ఏదైనా ఒక వస్తువుని చూడాలి. మేం గంటస్తంభం గడియారాన్ని చూశాం, జనం మమ్మల్ని చూశారు. ఇప్పుడు ఒక్కో కన్నే మూసి చూడాలి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం కంతలోనే ఉంటుందో అది పెత్తనం చేసే కన్ను. మా అమ్మాయిది కుడిచేతివాటం, పెత్తనమేమో ఎడమ కంటిది. ఇది తెలియక నెల రోజులు గుళ్లన్నీ ఒకే పక్కకి పోతుంటే పిస్టల్‌ని తిట్టుకున్నాం. మందు చాలా చవక: కళ్లజోడుకి ఎడమవైపు మూడు సెంటీమీటర్ల వెడల్పున తెల్లటి అట్టముక్క. ఎడమ కన్ను గట్టిగా మూసుకోకూడదు, మూస్తే ముఖమంతా బిగుసుకుంటుంది. అట్ట అడ్డం పెట్టి రెండు కళ్లూ తెరిచే ఉంచాలి. పోటీల్లో కూడా దీన్ని ఒప్పుకుంటారు.

రెండోది బరువు. మ్యాచ్ పిస్టల్ సుమారు కిలో ఉంటుంది, పోటీల్లో కిలోన్నర దాటకూడదు. లీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టవచ్చు. ఒక్క చేత్తో, భుజం ఎత్తుకి, పది సెకన్లు పట్టుకుని దించాలి. రెండో చెయ్యి జేబులోనో బెల్టు మీదో ఉండాలి. చెయ్యి కదులుతుంది, దానికి టెన్షన్ పడొద్దు. మా విజయనగరం సిరిమానోత్సవంలో పొడవాటి మానుని కట్టిన బండి నిలకడగానే ఉన్నా మాను కొస ఊగుతుంది కదా, ఇదీ అంతే. ఒలింపిక్ షూటర్ చెయ్యీ ఊగుతుంది, కాకపోతే తక్కువ ఊగుతుంది. ఊగడం ఆగిన క్షణం చూసి ట్రిగ్గర్ లాగేద్దామనుకునేవాళ్లే గుండుని ఎటో పంపేస్తారు. ఊగుతుండగానే మెల్లగా ఒత్తిడి పెంచుకుంటూ పోవాలి. ఎనిమిది సెకన్లలో గుండు వెళ్లకపోతే చెయ్యి దించేయాలి. ఆ దించడం రావడానికే అందరికన్నా ఎక్కువ కాలం పట్టింది మా గుంటకి, మొండిది.

ట్రిగ్గర్ గురించి ఒక మాట. పది మీటర్ల పోటీలో ట్రిగ్గర్ కనీసం అరకిలో బరువుని ఆపాలని నియమం. అరకిలో కందిపప్పు ప్యాకెట్‌ని దారంతో తన చూపుడువేలు మొదటి కణుపు మెత్తకి వేలాడదీశాను. "ఏటి, ఇంతేనా?" అంది. ఇంతే. మా సర్వీసు పిస్టళ్లు దీనికి ఎన్నో రెట్లు బరువు లాగించేవి, అందుకే నా సలహాలేవీ తనకి పనికిరాలేదు.

చూపు విషయం కోచ్ చెప్పినదే చెబుతున్నాను. కన్ను ముందు సైటు, అంటే గొట్టం కొసన ఉండే గురిముక్క మీద ఉండాలి, టార్గెట్ మసకగా కనిపించాలి. నల్ల వృత్తం అడ్డంగా 59.5 మిల్లీమీటర్లు, అందులో పది పాయింట్ల గడి 11.5 మిల్లీమీటర్లు. అంత చిన్నదాన్ని వెతుక్కుంటూ పోతే ముందు సైటు మసకేస్తుంది, గుండు పోతుంది. అందుకే మొదటి రెండు వారాలు నల్ల చుక్క లేని తెల్ల అట్ట మీద కాల్పించాడు. స్కోరు లేదు, గుళ్లన్నీ ఒకచోట పడుతున్నాయా లేదా, అదొక్కటే చూశాడు. రోజుకి నలభై గుళ్లు మించనివ్వలేదు.

ఇక కొనడం. చట్టం సంగతి ముందు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు కార్డు, చిరునామా కాగితం తీసుకెళ్లండి. బిల్లు కాపీ, క్లబ్బు కార్డు ఎప్పుడూ పిస్టల్ బ్యాగులోనే ఉండాలి. దారిలో చెకింగ్‌లో ఆపితే ముందు చూపించాల్సింది ఆ కాగితాలే.

కొనేది నొక్కిపెట్టిన గాలి సిలిండర్‌తో పనిచేసే మ్యాచ్ పిస్టల్ అయితే మంచిది. స్టెయిర్, మోరిని, వాల్తర్, పార్డిని, ఫైన్‌వెర్క్‌బావ్, పోటీల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. కొత్తదైతే లక్ష దాటుతుంది, గుండె గుభేలుమంటుంది. అయినా కంపెనీ పేరు కాదు మొదట చూడాల్సింది, పిడి. పిడికి సైజులుంటాయి. మా అమ్మాయి చెయ్యి చిన్నది, క్లబ్బులోని మీడియం పిడితో వేలు ట్రిగ్గర్‌కి అందీ అందకుండా ఉండేది. అందుకోవడానికి అరచెయ్యి తిప్పేది, అలా తిప్పినప్పుడల్లా గుండు ఎడమకి పోయేది. స్మాల్ పిడి పెట్టాక వేలి మొదటి కణుపు మెత్త సరిగ్గా ట్రిగ్గర్ మీద వాలింది, వేలి మిగతా భాగం పిడి చెక్కకి తగలకుండా సన్నటి సందు మిగిలింది. ఆ సందు తప్పనిసరి.

దుకాణంలో ఇంకొక పరీక్ష చేయించండి. పిస్టల్ పట్టుకుని కళ్లు మూసుకుని, చెయ్యి ఎత్తి, అప్పుడు కళ్లు తెరవమనండి. ముందు సైటు వెనక సైటు గాడి మధ్యలో దానంతటదే ఉంటే పిడి సరిపోయినట్టు. ప్రతిసారీ ఒకే పక్కకి ఉంటే పిడిని చెక్కించాలి, లేదా నింపించాలి. మేం బొటనవేలి కింద ఖాళీని ఎమ్‌సీల్‌తో నింపి, గరుకు కాగితంతో రుద్దాం. లక్ష రూపాయల వస్తువుకి పైపులు అతికే ఎమ్‌సీల్ ఏమిటని మా ఆవిడ గొడవ. షూటర్లు ఇలాంటి పనులు మామూలుగా చేస్తుంటారు.

మేం కొన్నది సెకండ్ హ్యాండ్. సిలిండర్ మీద తేదీ అచ్చు వేసి ఉంటుంది, పదేళ్లు దాటినది వద్దు. గాలి 200 బార్ ఒత్తిడి దాకా నింపాలి, చేతిపంపుతో అది దంపుడు చాకిరీ. కాబట్టి గాలి ఎక్కడ నింపుతారు, రబ్బరు సీళ్లు ఎవరు మారుస్తారు, ఈ రెండూ అడగకుండా డబ్బు ఇవ్వకండి. టోక్యో ఒలింపిక్స్‌లో మనూ భాకర్ పిస్టల్ పోటీ మధ్యలోనే మొరాయించింది. అంతటి మనిషికే తప్పలేదు.

ఇంట్లో సాధనకి మా పాత ఇల్లు కలిసొచ్చింది. మన వైపు ఇళ్లు రైలుపెట్టెల్లా పొడుగ్గా ఉంటాయి కదా, వీధి గుమ్మం నుంచి పెరటి గోడకి ముప్ఫై నాలుగు అడుగులు. పది మీటర్లంటే ముప్ఫై మూడు. పాత చీరలు కుక్కిన చెక్కపెట్టె, దాని వెనక ఇనుప రేకు, టార్గెట్ మధ్య భాగం నేలనుంచి 1.4 మీటర్ల ఎత్తులో. మూడో రోజు మా ఆవిడ వంటగదిలోంచి గిన్నె పట్టుకుని సరిగ్గా మధ్యలోకి వచ్చింది. పిస్టల్ ఎత్తలేదు గానీ నాకు చెమటలు పట్టాయి. అప్పటినుంచి వంటగది తలుపుకి ఇటువైపునుంచి గడియ, అటు వీధి తలుపుకి గడియ. ఈ రెండూ పడేదాకా పెల్లెట్ డబ్బా మూత తియ్యకూడదు. కళ్లజోడు తప్పనిసరి. పెల్లెట్లు సీసంతో చేస్తారు, అవి ముట్టుకున్న చేత్తో జంతికలు తినకూడదు, సబ్బుతో కడగాలి. ట్రిగ్గర్ మీద వేలు చెయ్యి ఎత్తాకే వెళ్లాలి. ఇదొక్కటి మాత్రం బెటాలియన్‌లోనూ క్లబ్బులోనూ ఒకటే.

డాబా మీద మాత్రం వద్దు. పక్కింటి పిల్లలు గాలిపటాలకి ఎక్కుతారు.

ఈమధ్య "పాయింట్ టూ టూ ఎప్పుడు నాన్నా?" అని మొదలుపెట్టింది. అది తూటా పేల్చే నిప్పు ఆయుధం, ఇరవై అయిదు మీటర్ల పోటీది. దానికి ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి, కలెక్టరాఫీసులో దరఖాస్తు, పోలీసు విచారణ, శిక్షణ సర్టిఫికెట్, అన్నీ ఉంటాయి. అరవై గుళ్ల మ్యాచ్‌లో ముందు ఆరువందలకి 540 కొట్టి చూపించమన్నాను. మొన్న 523 కొట్టింది. పిస్టల్ పెట్టె తాళంచెవులు రెండు, రెండూ తన దగ్గరే ఉంటాయి. ఆదివారం నేను పెట్టెని కారులో పెట్టాలన్నా ముందు తనని లేపాల్సిందే.