పాత గ్యాస్ సిలిండర్ ఇంట్ల పడి ఉందా? ఏం చేయాలో చూడుండ్రి

దేవరకొండ దిక్కు మా అమ్మమ్మ ఇల్లు ఖాళీ చేస్తుంటే వంటింట్ల మూలకు రెండు ఎర్ర సిలిండర్లు దొరికినయి, జరిపితే గచ్చు మీద గుండ్రంగ తుప్పు మరక, ఎన్నేండ్ల సంది అక్కడ్నే ఉన్నయో మరి. మా మామ పాత ఇనుప సామాన్లాయనను పిలిచి కాంటా మీద కూడా ఎక్కించిండు, నేనే ఆపిన. మా నల్గొండ, పాలమూరు ఊర్లల్ల పనికోసం ముంబైకో పూణెకో పోయి తాళం వేసిన ఇండ్లు చానా ఉన్నయి, వాటిల్ల గూడ ఇట్లనే సిలిండర్లు ఉంటయి కాబట్టి తెలిసింది రాస్తున్న.

ముందుగాల ఒకటి చెప్త, ఆ సిలిండర్ మనది కాదు. ఇండేన్, హెచ్‌పీ, భారత్ గ్యాస్, ఏదైనా సరే కంపెనీదే, మనం కట్టింది డిపాజిట్ మాత్రమే, అందుకే అమ్మేది చట్టప్రకారం తప్పు. దానికన్న పెద్ద భయం ఇంకొకటి ఉంది. పొయ్యి అంటుకోకపోతే సిలిండర్ ఖాళీ అనుకుంటం గానీ లోపల ఎంతో కొంత గ్యాస్ ఉంటనే ఉంటది, స్క్రాప్ దుకాణంల పనిచేసే పిలగాడు కట్టర్ పెట్టిండంటే పేలుతది. మనకు వచ్చే నాలుగు పైసల కోసం ఎవరి బిడ్డనో ఆపదల పెట్టొద్దు.

గ్యాస్ ఎంత ఉందో చూసుడు అల్కనే. పైన పట్టుకునే రింగు కింద పట్టీల మీద ఖాళీ సిలిండర్ బరువు రాసి ఉంటది, మాదాని మీద 15.6 అని ఉండె, కాంటా మీద 17 కిలోలు చూపెట్టింది, అంటే ఇంకా 1.4 కిలోల గ్యాస్ లోపల్నే ఉన్నట్టు. అదే పట్టీ మీద సీ 19 లెక్క ఒక అక్షరం, అంకె కూడా ఉంటయి, అది మళ్ల టెస్ట్ చేయాల్సిన గడువు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే జులై నుంచి సెప్టెంబర్, డీ అంటే ఆఖరి మూడు నెలలు, అంకె ఏమో సంవత్సరం. గడువు దాటినదాన్ని పొయ్యికి తగిలియ్యకుండ్రి, ఉన్నది ఉన్నట్టే ఏజెన్సీకి అప్పజెప్పాలె. గ్యాస్ ఖాళీ చేద్దామని వాల్వ్ పిన్ను మాత్రం ఒత్తకుండ్రి, ఈ గ్యాస్ గాలి కన్న బరువు, పైకి పోదు, నేల మీదనే పరుసుకుంటది, ఎక్కడ నిప్పు దొరికితే అక్కడ అంటుకుంటది.

వాల్వ్ మీద సబ్బు నీళ్లు పోసి చూడుండ్రి. బుడగలు వస్తే లీక్ అవుతున్నట్టు, లైట్ స్విచ్ కూడా ముట్టకుండ, తలుపులు కిటికీలు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోన్ కొట్టుండ్రి, అది రాత్రి పగలు పనిచేసే గ్యాస్ ఎమర్జెన్సీ నంబర్. బుడగలు లేకపోతే సేఫ్టీ క్యాప్ పెట్టి, ఆటోల నిలబెట్టి గ్యాస్ ఏజెన్సీకి తీస్కపోండ్రి. బస్సుల, రైల్ల తీస్కపోవద్దు.

కనెక్షన్ సరెండర్ చేసి సిలిండర్ వాపస్ ఇయ్యనీకి ఏజెన్సీకి పోయేటప్పుడు గ్యాస్ బుక్కు, కనెక్షన్ ఇచ్చిననాటి సబ్‌స్క్రిప్షన్ వోచర్, ఆధార్, రెగ్యులేటర్ అన్నీ పట్టుకపోవాలె, రెగ్యులేటర్ మర్చిపోయి మళ్ల తిరిగేటోళ్లే ఎక్కువ. వోచర్ పోయిందంటే డిక్లరేషన్ రాయించుకుంటరు. మా అమ్మమ్మ లెక్క కనెక్షన్ ఉన్న మనిషి చనిపోతే డెత్ సర్టిఫికెట్, వారసుల కాగితాలు అడుగుతరు, మాకు అక్కడ్నే నాలుగుసార్లు తిరుగుడైంది, పోకముందే ఒక్క ఫోన్ చేసి ఏమేం కావాల్నో రాసుకుంటే మంచిది.

పైసల సంగతికొస్తే, వోచర్ మీద అప్పుడు కట్టిన డిపాజిట్ ఎంతుందో అంతనే వాపస్ వస్తది. 2022 జూన్ నుంచి 14.2 కిలోల సిలిండర్‌కు 2200 రూపాయలు చేసిండ్రు, అంతకుముందు 1450 ఉండె, పాతోళ్లకు ఇంకా తక్కువ వస్తది. దీపం, ఉజ్వల కనెక్షన్లకు డిపాజిట్ మనం కట్టలేదు కాబట్టి ఏం రాదు. తెలంగాణ సర్కారు ఇచ్చే 500 రూపాయల గ్యాస్ వస్తున్న కనెక్షన్ అయితే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుండ్రి, సరెండర్ చేస్తే అది కూడా పోతది. రెండు సిలిండర్లల్ల ఒకటే వద్దనుకుంటే ఒక్కటే ఇచ్చేయొచ్చు.

పైసలతోపాటు టెర్మినేషన్ వోచర్, అంటే కనెక్షన్ బంద్ అయిందని ఇచ్చే కాగితం, తప్పక అడగాలె, వేరే ఊర్ల మళ్ల కనెక్షన్ తీసుకునేటప్పుడు అదే కావాలె. ఆ కాగితం చేతికి రానిది సిలిండర్ అక్కడ వదిలిపెట్టి రాకుండ్రి.

ఇంక మిగిలేది రబ్బర్ పైపు. అది ఐదేండ్ల కన్న ఎక్కువ వాడొద్దు, చెత్తల పడేసే ముందు కత్తితోని రెండు ముక్కలు చేసి పడేయుండ్రి, లేకపోతే ఇంకెవరన్న ఏరుకపోయి పొయ్యికి తగిలిచ్చుకుంటరు.