అరుదైన ఆడపిల్ల పేరు వెనుక ఏముందో వెతకడం ఎలా: పెంచలమ్మ పేరు ఆధారంగా

నెల్లూరు జిల్లాలో పెంచలయ్య అనే పేరు వింటే ఎవరూ ఆశ్చర్యపోరు. పెంచలమ్మ అనే పేరు మాత్రం ఇప్పుడు ఎక్కువగా అవ్వల తరంలోనే వినబడుతోంది. ముత్తవ్వ పేరు నిలపాలని పాపకు ఆ పేరు పెట్టుకున్న తల్లిదండ్రులకు జిల్లా దాటగానే, ఒక్కోసారి సొంత బంధువుల నుంచే, ఆ పేరుకు అర్థమేమిటన్న ప్రశ్న ఎదురవుతుంది. దానికి నమ్మదగిన జవాబు సంపాదించుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. పెంచలమ్మను ఉదాహరణగా తీసుకున్నప్పటికీ మన ప్రాంతపు ఏ అరుదైన పేరుకైనా ఇదే పద్ధతి పనికివస్తుంది. పేరుకు అర్థం, పుట్టుక, వాడుక అనేవి మూడు వేర్వేరు విషయాలనీ, ఒక్కొక్కదానికి ఒక్కో రకమైన ఆధారం కావాలనీ ముందుగా గుర్తించాలి. అరుదైన పేర్ల విషయంలో ఈ మూడింటిలోనూ పుట్టుకే ముఖ్యమని నా అభిప్రాయం. పేరు ఏ ఊరిదో, ఏ గుడిదో తేలితే అర్థం దానంతట అదే విడివడుతుంది.

మొట్టమొదట పేరును తెలుగు లిపిలో, ఇంట్లో పిలిచే ఉచ్చారణ ప్రకారం రాసుకోవాలి. ఆంగ్ల అక్షరాల్లో రాసిన పేరులో లకు, ళకు, దకు, ధకు తేడా కనిపించదు, దీర్ఘాలు పోతాయి. అలాంటి రూపాన్ని పట్టుకొని వెతికితే మరొక పేరుకు చెందిన అర్థం చేతికి వస్తుంది. తరువాత పేరు చివర చేరిన అమ్మ, అంబ, అక్క, సాని, లక్ష్మి వంటి మాటలను విడదీయాలి. శాసనాల్లోనూ కావ్యాల్లోనూ అంబ అని కనిపించేది చాలాచోట్ల వాడుకలోని అమ్మకు గౌరవరూపమే కాబట్టి వెంగమ్మను, వెంగమాంబను రెండు పేర్లుగా లెక్కించనవసరం లేదు. పెంచలమ్మలో అమ్మను తీసివేస్తే పెంచల మిగులుతుంది. మనం వెతకవలసింది ఆ మాటను.

ఇక నిఘంటువులు. బ్రౌన్ నిఘంటువు, 1885లో వెలువడిన శబ్దరత్నాకరము, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఈ పనికి చాలావరకు సరిపోతాయి. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఇటువంటి నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు. మొల్ల వంటి పేరయితే పని ఇక్కడే ముగుస్తుంది, అది మల్లె జాతికి చెందిన పువ్వు, సంస్కృతంలో కుందము. పెంచల వంటి పేరుకు నిఘంటువు సగం దారి మాత్రమే చూపుతుంది. పెను అంటే పెద్ద అని అందులో దొరుకుతుంది. పెను, చీకటి కలిసి పెంజీకటి అయినట్లు, పెను అనే మాట మరో మాటతో కలిసినప్పుడు పెం అయ్యే అలవాటు తెలుగులో పాతదే. పోతన భాగవతంలో గజేంద్రుడు లోకాలన్నీ అంతరించిన తరువాతి స్థితిని చెబుతూ పలికే మాట ఈ పెంజీకటే. ఆ దారిలో పెనుశిల అనే మాట జనం నోట పెంచల కావడాన్ని అర్థం చేసుకోవచ్చు. అయితే ఇంతటితో ఆగితే పెంచలమ్మ అంటే పెద్దరాయి అనే పొడి అర్థం మిగులుతుంది, పాపకు ఆ పేరు ఎవరు, ఎందుకు పెట్టారో తెలియదు.

అందువల్ల క్షేత్రానికి వెళ్లాలి. రాపూరు సమీపంలో, వెలుగొండల నడుమ ఉన్న పెంచలకోనలో వెలసిన స్వామి పెనుశిల లక్ష్మీనరసింహస్వామి. హిరణ్యకశిపుణ్ణి సంహరించిన ఉగ్రమూర్తి ఈ అడవుల్లో చెంచులక్ష్మిని చూసి శాంతించి, ఆమెను పెండ్లాడాడని స్థలపురాణం చెబుతుంది. వారిద్దరూ పెనవేసుకొని శిలగా మారారు కాబట్టి పెనుశిల అయిందని భక్తులు చెప్పుకుంటారు. వ్యాకరణం పెద్ద శిల అంటుంది, భక్తి పెనవేసుకున్న శిల అంటుంది. పేరును వివరించేటప్పుడు రెండింటినీ చెప్పి, ఏది భాషకు సంబంధించినదో, ఏది స్థలపురాణానికి సంబంధించినదో స్పష్టంగా వేరుచేయడం మంచి పద్ధతి. ఆ పిల్ల పెద్దయ్యాక తన పేరు గురించి చెప్పుకోవడానికి ఈ రెండూ కావాలి. ఉగ్రరూపాన్ని శాంతింపజేసిన చెంచు ఆడపడుచు కథ ఈ పేరు వెనుక ఉన్నదని తెలిసినవారెవరూ దీన్ని మోటు పేరని తీసిపారేయలేరు.

క్షేత్రంలో తెలిసింది ఇంట్లో తెలిసినదానితో కలవాలి. పెద్దవాళ్లను పేరుకు అర్థమేమిటని అడిగితే సాధారణంగా దేవుడి పేరని చెప్పి ఊరుకుంటారు. దానికి బదులు ఈ పేరు మన ఇంట్లో మొదట ఎవరికి పెట్టారు, ఎవరు మొక్కుకున్నారు, పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయించారు, ఇలవేల్పు ఎవరు అని అడగాలి. బిడ్డ నిలిస్తే స్వామి పేరు పెట్టుకుంటామని మొక్కుకోవడం మన పల్లెల్లో మామూలు కాబట్టి, పేరు వెనుక చాలాసార్లు ఒక కాన్పు కష్టమో, దక్కకుండా పోయిన బిడ్డల జ్ఞాపకమో ఉంటుంది. ఆ మాటలు మెల్లగా, వారు చెప్పినంతవరకే వినాలి. అమ్మమ్మ వైపు వారిని అడగడం మరచిపోకూడదు, ఆడపిల్లల పేర్లు పుట్టింటి నుంచి మెట్టింటికి తల్లుల వెంటే ప్రయాణిస్తాయి.

ఒకే పేరుకు రెండు పీఠాలు ఉండవచ్చునన్న సంగతి ఇక్కడ చాలా ముఖ్యం. మస్తానమ్మ అనే పేరు నెల్లూరు ప్రాంతంలో వినిపిస్తే కసుమూరు మస్తాన్ వలి దర్గాను తలచుకుంటాం, ఆ పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు కూడా ఉన్నాయి. గుంటూరు వైపు అదే పేరు అక్కడి కాలే మస్తాన్ షా దర్గాకు చెందినది కావచ్చు. వెంగమాంబ అనగానే పుస్తకాలు చదివినవారికి తరిగొండ కవయిత్రి గుర్తుకు వస్తారు, ఉదయగిరి, దుత్తలూరు ప్రాంతాల వారికి మాత్రం నర్రవాడ వెంగమాంబ పేరంటాలే గుర్తుకు వస్తుంది. కాబట్టి ముత్తవ్వ పుట్టిన ఊరు తెలియకుండా పేరు పుట్టుకను నిర్ధారించకూడదు. కందుకూరు వైపు మాలకొండమ్మ, మాల్యాద్రి అనే పేర్లు మాలకొండ నరసింహస్వామివి. ఆ గుడి శనివారం మాత్రమే తెరుస్తారు కాబట్టి అడిగి తెలుసుకోవాలనుకునేవారు ఆ రోజే వెళ్లాలి.

పేరు ఎంత పాతదో చూడాలంటే శాసనాలు ఉపయోగపడతాయి. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి సంకలనం చేసిన నెల్లూరు జిల్లా శాసనాలు 1905లో మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. ప్రకాశం జిల్లా వారు కూడా వీటినే చూడాలి, ఎందుకంటే ఆ జిల్లా ఒంగోలు జిల్లాగా ఏర్పడింది 1970లో, ప్రకాశం అనే పేరు వచ్చింది 1972లో, అంతకుముందు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులో భాగం. మార్కాపురం, గిద్దలూరు వారు మాత్రం పాత కర్నూలు జిల్లా ఆధారాలను వెతకాలి. దాతలుగా, చెరువులు తవ్వించినవారుగా స్త్రీల పేర్లు శాసనాల్లో కనిపిస్తాయి. కొండవీటి రెడ్డిరాజు పెదకోమటి వేముని రాణి సూరాంబ తవ్వించిన సంతానసాగరం ఫిరంగిపురం శాసనం ద్వారానే మనకు తెలుస్తోంది.

వాడుక విషయానికి వస్తే, అమెరికాలో ప్రభుత్వమే 1880 నుంచి పుట్టినవారి పేర్ల లెక్కలను సంవత్సరాల వారీగా ప్రకటిస్తోంది. మన దేశంలో అటువంటి ప్రకటన లేదు, అందువల్ల ఏదైనా వెబ్‌సైట్ మన పేరుకు దేశంలో ఫలానా స్థానమని సంఖ్య చూపిస్తే నమ్మవలసిన పని లేదు. సామాన్యులకు అందుబాటులో ఉన్న మంచి ఆధారం ఓటర్ల జాబితా. పోలింగ్ కేంద్రాల వారీగా, పేరు, వయస్సులతో సహా తెలుగులో దొరుకుతుంది. కోనకు దగ్గరలోని ఒక గ్రామం, కావలి వైపు ఒకటి, మార్కాపురం వైపు ఒకటి ఎంచుకొని, 60 ఏళ్లు దాటిన మహిళల్లో వెయ్యికి ఎందరికి ఆ పేరు ఉందో, 30 ఏళ్ల లోపు వారిలో ఎందరికి ఉందో లెక్కించాలి. గ్రామాల మధ్య పోలిక పేరు ఎంత దూరం వ్యాపించిందో, వయస్సుల మధ్య పోలిక ఏ తరంలో తగ్గిందో చూపుతుంది. 18 ఏళ్ల లోపు పిల్లలు ఈ లెక్కలోకి రారు. పెంచల లక్ష్మి వంటి జంట పేర్లను విడిగా లెక్కించాలి, ఎందుకంటే బడిలో లక్ష్మిగా పిలవబడే పిల్ల పేరులో పాత పేరు సగం బతికే ఉంటుంది. రాసుకోవలసింది సంఖ్యలు మాత్రమే. ఇతరుల వివరాలు మన పుస్తకంలోకి ఎక్కకూడదు.

వెతికి తెలుసుకున్న తరువాత పాపకు ఆ పేరే పెట్టాలని నిశ్చయించుకుంటే, దాన్ని ఇంటిపేరు పక్కన పొడి అక్షరంగా కుదించవద్దని నా మనవి. పెంచల లాస్య అని పూర్తిగా రాయించండి, పి. లాస్య అని రాస్తే రెండు తరాల తరువాత ఆ అక్షరం దేనికి సంక్షిప్తమో ఎవరికీ తెలియదు. జననాన్ని 21 రోజుల లోపల నమోదు చేయించాలి. అప్పటికి పేరు నిర్ణయించకపోయినా నమోదు ఆపనవసరం లేదు, 12 నెలల లోపల రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు, ఆ తరువాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేర్చడం మొదలుకొని అనేక పనులకు జనన ధ్రువపత్రమే ప్రధాన ఆధారం కాబట్టి, తెలుగులోనూ ఆంగ్లంలోనూ పేరును ఎలా రాయాలో ఒక కాగితం మీద రాసి నమోదు అధికారికి ఇచ్చి, పత్రం చేతికి రాగానే రెండు రూపాలనూ అక్షరం అక్షరం సరిచూసుకోండి.