బడి మూసిన ఏడు వారాలు: ఎండల్లో బడితోటను జూన్ దాకా బతికించడం

ఏప్రిల్ 24 అటూఇటుగా బళ్ళు మూస్తారు, మళ్ళీ తెరిచేది జూన్ రెండో వారంలో. బెజవాడ, గుంటూరుల్లో ఏడాదిలోకెల్లా కఠినమైన ఎండలు ఈ ఏడు వారాల్లోనే పడతాయి. రోహిణి కార్తె కూడా ఇందులోనే. మేలో 42 డిగ్రీలు మామూలు, కొన్ని రోజులు 45 దాటుతుంది. ఆ ఎండలో కూరగాయలు కాయించాలనుకోవడం అత్యాశ. ఉన్నవాటిని ప్రాణంతో జూన్‌కు చేర్చితే అదే పెద్ద పంట. అందుకని పైపు పట్టుకునేముందు తోటను కుదించండి.

బడి మూసే వారంలోనే హెడ్మాస్టరుతో కలిసి తోటంతా ఒకసారి తిరగండి. మునగ, కరివేపాకు, నిమ్మ, జామ, మందార, నందివర్ధనం ఉంచాలి. కాపు అయిపోయిన బెండ, వంగ, ముదిరిన గోంగూర పీకేయండి. వాటిమీద పోసే నీళ్ళు వృథా, పైగా పిండినల్లికి అవే కాపురం. ఆకుకూరలకు ఒక్క మడి చాలు. కుండీలన్నిటినీ మధ్యాహ్నం నీడపడేలా గోడకు తూర్పువైపున చేర్చి, పెద్దవి బయటి వరుసలో, చిన్నవి లోపల, ఒకదానికొకటి ఆనించి పెట్టండి. విడివిడిగా ఉంటే కుండీ పక్కలు కాగి వేళ్ళు ఉడికిపోతాయి.

ఖాళీ అయిన మడులకు ఈ ఎండే మందు. కలుపు తీసి, గడ్డలు చితగ్గొట్టి, అడుగు లోతు తడిసేలా నీళ్ళు పెట్టండి. దానిమీద 25 నుంచి 50 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ షీటు మట్టికి అంటుకునేలా బిగుతుగా పరిచి, అంచులను ఆరంగుళాల లోతు గాడిలో పూడ్చండి. నాలుగు నుంచి ఆరు వారాలు కదపొద్దు. వేళ్ళకు బుడిపెలు కట్టించే నులిపురుగులు, ఎండుతెగులు శిలీంధ్రాలు, కలుపు గింజలు పైపొరలో చాలావరకు చస్తాయి. నల్ల షీటు వేస్తే షీటే కాగుతుంది తప్ప మట్టి అంతగా కాగదు. చిరుగు పడినా, కింద గాలి బుడగలు నిలిచినా వేడి నిలవదు కనుక చిరుగులకు అదేరోజు టేపు అంటించాలి. తుంగ మాత్రం దీనికి లొంగదు, దాన్ని గడ్డతో సహా తవ్వి తీయాల్సిందే.

ఇక నీళ్ళు. వేసవిలో డెల్టా కాలువలకు నీళ్ళు ఆపేస్తారు, ఆ ప్రభావం చుట్టుపక్కల బావులమీద, బోర్లమీద పడుతుంది. బోరు నీళ్ళకు బదులు గాలి కక్కుతుంటే మోటారు వెంటనే ఆపండి, పొడిగా తిరిగితే కాలిపోతుంది. అరగంట ఆగి మళ్ళీ వేయండి. ఆర్వో ప్లాంటు వదిలే నీళ్ళలో ఉప్పు ఎక్కువ. కొబ్బరి చెట్టు తట్టుకుంటుంది గానీ కుండీలకూ ఆకుకూరలకూ వాడకండి. ఆకు అంచులు మాడి, మట్టిమీద తెల్లని పొర కడితే కారణం ఉప్పునీళ్ళే అయి ఉంటుంది. అప్పుడు మంచినీటితో కుండీ అడుగు రంధ్రంనుంచి ధారగా కారేదాకా ఒకసారి కడిగేయాలి.

నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న మడికి ఏ కప్పూ లేకపోతే మేలో రోజుకు దాదాపు మూడు బకెట్లు పడతాయి, బకెట్ అంటే పది లీటర్లు. గడ్డి కప్పితే రెండు సరిపోతాయి. రెండేళ్ళలోపు చెట్లకు వారానికి రెండుసార్లు 15, 20 లీటర్లు. మూడేళ్ళు దాటిన జామకూ మునగకూ పది రోజులకోసారి పాదు నిండా పెడితే చాలు. పాదు కొమ్మల అంచు దాకా వెడల్పుండాలి, నీళ్ళు కాండం మొదట్లో పోస్తే పీల్చే వేళ్ళకు అందవు. తెల్లారి ఏడున్నరలోపే ఈ పని అయిపోవాలి. ఎండలో పడున్న పైపులోని నీళ్ళు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి, వాటిని బకెట్లోకి వదిలాకే మొక్కకు పట్టండి.

కొత్తవాళ్ళు తరచూ పొరపడేది ఒకటుంది. మధ్యాహ్నం వాలిపోయిన మొక్కను చూసి జాలిపడి నీళ్ళు పోస్తారు. అలా వాలడం ఎండవల్ల, సాయంత్రానికి తేరుకుంటుంది. పొద్దున కూడా వాలి ఉంటేనే దాహమని లెక్క. అనుమానముంటే వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి, చల్లగా తడి తగిలితే ఆరోజుకు వద్దు. గుంటూరు నల్లరేగడిలో ఎక్కువ పోస్తే వేళ్ళకు గాలాడక కింది ఆకులు పసుపెక్కుతాయి. తక్కువైతే నేల బీటలు వారి, తర్వాత పోసినవన్నీ బీటల్లోకి జారిపోతాయి. పైమట్టిని రెండంగుళాలు గుల్లచేసి ఆ బీటలు పూడ్చి, అప్పుడు తడి పెట్టండి.

కప్పడానికి వరిగడ్డి మేలు. ఊళ్ళో దొరక్కపోతే చెరకురసం బళ్ళవాళ్ళను అడగండి, పిప్పి వదిలించుకోవడమే వాళ్ళకు పని. పచ్చిది వేస్తే చీమలు పడతాయి కనుక నాలుగైదు రోజులు ఎండబెట్టాలి. కొబ్బరిబోండాల డిప్పలు కూడా పనికొస్తాయి, అయితే బోర్లించే పరచండి, వెల్లకిలా ఉంటే చినుకు పడగానే దోమల తొట్లు. మందం మూడు నాలుగంగుళాలు. మొక్క మొదలునుంచి రెండంగుళాలు వదలండి, లేకపోతే చెదలు కాండం పడతాయి. ఈ కప్పులో చేతులు పెట్టేముందు కర్రతో కదిలించండి. చల్లదనానికి పాములు, తేళ్ళు చేరతాయి. చెప్పులతో కాక బూట్లతోనే రావాలి. ఎవరినైనా పాము కరిస్తే కట్లూ కోతలూ మాని, కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

లేత నిమ్మ కాండానికి సున్నం పూస్తే బెరడు పగలదు. ఆకుకూర మడిమీద 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ ఆరేడు అడుగుల ఎత్తున కట్టండి. మే నెలాఖరు గాలిదుమారాలకు చిరగకుండా కొంచెం వదులుగా ఉంచాలి. ఎరువులు, కొమ్మ కత్తిరింపు తొలకరి దాకా వద్దు. ఎర్రనల్లి పడితే ఆకుల అడుగున నీళ్ళు బలంగా కొట్టండి. పిండినల్లికి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి పొద్దువాలాకే చల్లాలి, ఎండలో చల్లితే ఆకు మాడుతుంది.

మనుషుల సంగతి మొక్కలకంటే కష్టం. మే అంటే పెళ్ళిళ్ళు, అమ్మమ్మగారిళ్ళు. అందుకే తోట చూసుకునే ఎనిమిదిమందిని నాలుగు జంటలుగా చేసి, ఒక్కో జంటకు ఏయే వారాలో కాకుండా ఏయే రోజులో నిర్ణయించండి. ఒక జంట వారంపాటు మాయమైతే కుండీలు దక్కవు, ఒక రోజు తప్పితే మర్నాటివాళ్ళు సర్దుకుంటారు. నీళ్ళు పెట్టగానే వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాలి, సాయంత్రం ఏడింటికి ఫొటో లేకపోతే దగ్గరలో ఉన్నవాళ్ళు వెళ్ళాలి. గేటు తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి. మోటారు స్విచ్ ఎక్కడుందో అందరికీ చూపించండి. మునగకాయలు, జామకాయలు ఎవరివో ముందే హెడ్మాస్టరుతో కాగితంమీద రాయించుకుంటే తర్వాత మాటలు రావు.

మే 15, 20 మధ్య వంగ నారు నీడలో ట్రేలో పోస్తే 25, 30 రోజులకు నాటే పాటికి వస్తుంది. బళ్ళు తెరిచే ముందురోజు షీటు తీసి, మడిని రెండు మూడంగుళాలకు మించి తవ్వకుండా పైపైనే గీరి నాటించండి. లోతుగా తిరగేస్తే ఎండ తాకని అడుగు మట్టి, అందులోని తెగులూ కలుపు గింజలూ పైకొచ్చేస్తాయి.