ఆటలో దారి తెలిసేలా మినీమ్యాప్ (తెర మూలన కనిపించే చిన్న మ్యాప్) పెట్టడం ఎలా?

ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో సిద్ధంగా ఉన్న సీన్, ఇంకో కెమెరా, ఆ కెమెరా చూసే దృశ్యాన్ని నింపుకునే 256×256 రెండర్ టెక్స్చర్, ఒక బాణం బొమ్మ. ఇవి చాలు.

కెమెరాను నేలకు 40 మీటర్ల ఎత్తున పెట్టి, ఎక్స్ రొటేషన్ 90, ప్రొజెక్షన్ ఆర్థోగ్రాఫిక్ (దూరాన్ని బట్టి వస్తువులు చిన్నవి కాని చూపు), సైజు 25 ఇవ్వండి. పై అంచు నుంచి కింది అంచుకు 50 మీటర్ల మేర కనిపిస్తుంది. పైకప్పులను వేరే లేయర్‌లో వేసి, కెమెరా ఏ లేయర్లు చూపాలో చెప్పే కల్లింగ్ మాస్క్‌లో దాన్ని తీసేయండి. టెక్స్చర్‌ను ఈ కెమెరాకు టార్గెట్ టెక్స్చర్‌గా ఇచ్చి, తెర మూలన రా ఇమేజ్‌కు (తెర మీద బొమ్మ చూపే చట్రం) తగిలించండి. దాని మధ్యలో బాణం పెట్టండి.

అసలు చిక్కు ఇక్కడే: మ్యాప్ తిరగాలా, నిలిచి ఉండాలా? చాలామంది కెమెరాను ప్లేయర్‌కు చైల్డ్‌గా (ప్లేయర్‌తో పాటే కదిలి, తిరిగేలా) పెట్టి వదిలేస్తారు. ప్లేయర్ తిరిగినప్పుడల్లా మ్యాప్ కూడా తిరిగి, అతని ఎదురు ఎప్పుడూ పైనే ఉంటుంది. మ్యాప్‌లో ఎడమ అంటే మనకూ ఎడమే కాబట్టి మలుపులు చప్పున తెలుస్తాయి. కానీ ఒకే చోటు చూసిన ప్రతిసారీ వేరే వాటంలో కనిపిస్తే దాని ఆకారం మనసులో నాటుకోదు. మ్యాప్ తీసేశారా, లోపలికొచ్చిన తలుపు ఎటుందో కూడా చెప్పలేరు. ఒక్కసారి పరుగెత్తి బయటపడే ఆటకు అది సరిపోతుంది. మళ్లీ మళ్లీ వచ్చే చోటికి మాత్రం ఉత్తరం పైనే ఉండాలి, బాణం ఒక్కటే తిరగాలి.

అందుకని చైల్డ్‌గా పెట్టకండి. ప్రతి ఫ్రేములో అప్‌డేట్‌లన్నీ అయ్యాక నడిచే లేట్‌అప్‌డేట్‌లో, ప్లేయర్ స్థానపు ఎక్స్, జెడ్ విలువలు మాత్రమే కెమెరాకు ఇవ్వండి. అప్‌డేట్‌లో రాస్తే కెమెరా ఒక ఫ్రేము వెనకబడి మ్యాప్ వణకవచ్చు. బాణం జెడ్ రొటేషన్‌కు ప్లేయర్ వై రొటేషన్‌ను మైనస్ గుర్తుతో ఇవ్వాలి. ఆ మైనస్ మరిచిపోతే తూర్పుకు నడిచేవాడికి బాణం పడమర చూపిస్తుంది. ఉత్తరం, దక్షిణం సరిగానే వస్తాయి, అందుకే ఈ తప్పు పరీక్షలో దొరక్కుండా పోతుంది. నాలుగు దిక్కులూ తిరిగి చూడండి.

దక్షిణంగా నడిచేటప్పుడు కుడిఎడమలు తారుమారైనట్టు అనిపిస్తుంది. అలాగని మ్యాప్ తిప్పే బటన్ ఇవ్వకండి. బాణానికి చూపు మేర తెలిపే త్రికోణం జోడించండి. ఎదురుగా కనిపించే గోపురం, వంతెన లాంటి నాలుగైదు గుర్తులను వాటి రంగుల్లోనే మ్యాప్ మీద వేయండి.

వీఆర్ (తలకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే ఆట) అయితే మ్యాప్‌ను కళ్ల ముందు అంటించకుండా మణికట్టుకు కట్టండి.

చివరగా మ్యాప్ దాచి, కొత్తవారిని మూడు చోట్ల నిలబెట్టి, కనిపించని ప్రవేశద్వారం వైపు వేలు చూపమనండి. గుడ్డిగా చూపినా తప్పు సగటున 90 డిగ్రీలే ఉంటుంది, కాబట్టి 30 లోపు వస్తేనే ఒప్పుకోండి. అంతకు మించితే మ్యాప్ పెద్దది చేయకండి, తప్పు ఎక్కువగా వచ్చిన చోట దూరం నుంచి కనిపించే ఒక గుర్తు నిలబెట్టండి.