పాత బాక్స్‌టర్‌ని ఇంట్లో చూసుకోవాలంటే ముందు నీళ్ళ దారి చూడండి

నా దగ్గరున్నది 2002 పోర్షే బాక్స్‌టర్, గుడ్డ టాప్ మడిచి తెరుచుకునే రెండు సీట్ల కారు. 2.7 లీటర్ ఇంజన్, 217 హార్స్‌పవర్, ఐదు గేర్ల మాన్యువల్. న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంటి గ్యారేజీలో ఉంటుంది. మా ఆవిడ హోండా వాకిట్లో ఎండకీ వానకీ ఎందుకు ఉంటుందన్న ప్రశ్న ఇంట్లో ఇంకా తేలలేదు.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు లారీ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఇక్కడికి మొదటిసారి వచ్చినప్పుడు ముందు డిక్కీ ఎత్తి చూశారు. బ్యాటరీ, స్టెప్నీ ఉన్నాయి. వెనక డిక్కీ ఎత్తారు. ఖాళీ. "ఏరా, దీనికి ఇంజన్ విడిగా కొనుక్కోవాలా?" అన్నారు.

ఆయన అడిగినదాంట్లో న్యాయముంది. ఈ కారులో ఇంజన్ సీట్లకీ వెనక చక్రాలకీ మధ్య, కార్పెట్ కింద, రేకు మూత కింద ఉంటుంది. గుడ్డ టాప్‌ని సగంలో ఆపి, వెనక భాగం పైకెత్తితే తప్ప పైనుంచి కనపడదు. మిగతా పనంతా కిందనుంచే. కాబట్టి ఇంజన్‌ని చూసి జబ్బు చెప్పడం కుదరదు. వాసన, పొగ, తడి, చప్పుడు, పాత ఆయిల్ ఫిల్టర్ చూసి చెప్పుకోవాలి.

ఈ తరం బాక్స్‌టర్ కొనే ప్రతివాడికీ ముందు వినపడే మాట ఐ.ఎం.ఎస్. (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్. క్రాంక్ తిప్పే తిప్పుడును క్యామ్‌షాఫ్టులకు చేరవేసే మధ్య షాఫ్టు ఒకటుంది, దాని ఒక చివరన ఉండే బేరింగ్ అది. అది పోతే టైమింగ్ తప్పి, వాల్వులు పిస్టన్లకు తగిలి, ఇంజన్ మొత్తం పోతుంది. నా కారులో ఉన్నది ఒకే వరుస గోళీల రకం, అంటే భయపడాల్సిన రకమే. నేనూ కొన్న మొదటి ఆరు నెలలు రాత్రిళ్ళు దాని గురించే చదివాను. ఈలోపు కారును చంపబోయింది మాత్రం ఎదురుగా ఉన్న ఓక్ చెట్టు.

ఆ అక్టోబరులో కారు రెండు వారాలు చెట్టు కిందే ఉంది. తర్వాత మూడు రోజులు ముసురు. నాలుగో రోజు తెల్లవారుజామున రెండింటికి హారన్ దానంతటదే మోగడం మొదలైంది. వెళ్ళి చూస్తే తలుపుల లాకులు పడుతున్నాయి, లేస్తున్నాయి. తాళం తిప్పితే స్టార్ట్ కాదు. డ్రైవర్ సీటు కింద చెయ్యి పెడితే కార్పెట్ నీళ్ళు పిండేలా ఉంది. అలారం, వేరే తాళంతో ఇంజన్ స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ చూసుకునే కంట్రోల్ పెట్టెను సరిగ్గా అక్కడే, నేలమీద పెట్టారు. బోర్డు పచ్చగా తుప్పు పట్టింది. దాన్ని మార్చి, తాళాలను మళ్ళీ కోడ్ చేయించేసరికి రెండు వేల డాలర్ల పైనే అయింది. సామెతలో చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. నా చేతులు కాల్చినవే ఆకులు.

అందుకని నేను చెప్పే మొదటి పనికి పానా కూడా అక్కర్లేదు. టాప్‌ని సగం తెరిచి ఆపండి. రెండు తలుపుల వెనకా, టాప్ మడత పడే చోట, వాననీళ్ళు దిగే ప్లాస్టిక్ తూము ఉంటుంది. టార్చి వేసి అందులోని ఆకు ముక్కలు, మట్టి వేళ్ళతో తీసేయండి. గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగ ముక్క తీసుకుని, కొస గుచ్చుకోకుండా కాస్త కాల్చి గుండ్రం చేసి, మెల్లగా లోపలికి పోనివ్వండి. తర్వాత ఒక గ్లాసు నీళ్ళు పొయ్యండి. వెనక చక్రానికి కాస్త ముందు, కారు కింద ధార పడాలి. పడకపోతే మళ్ళీ తీగ. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టకండి. లోపలి గొట్టం ఊడిందంటే ఆ నీళ్ళు నేరుగా కారులోకే వస్తాయి. ముందు డిక్కీలో బ్యాటరీ దగ్గర కూడా నీళ్ళు దిగే కన్నాలున్నాయి, వాటినీ చూడండి. నేను ఏడాదికి మూడుసార్లు చేస్తాను, ఆకులు రాలే కాలంలోనే రెండుసార్లు.

లోపల ఇప్పటికే తడి ఉంటే సీటు విప్పి ఆరబెట్టాలి. నాలుగు బోల్టులే. అయితే ముందు బ్యాటరీ తీగ విప్పి, కాసేపు ఆగి, ఆ తర్వాతే సీటు కింది ప్లగ్గులు పీకండి. కరెంటు ఉండగా పీకితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, ఇక దానంతటది ఆరదు.

రెండో నీళ్ళు కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం. ఈ కారులో రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లో ఉంటాయి, ఇంజన్ వెనకెక్కడో. నీళ్ళు కారు పొడవునా వెళ్ళి రావాలి. బంపర్ నోళ్ళలోంచి ఆకులు లోపలికి పోయి ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య పేరుకుంటాయి. బయటనుంచి చూస్తే శుభ్రంగానే కనపడుతుంది. బంపర్ విప్పి, కండెన్సర్‌ని కాస్త పక్కకి జరిపితే అసలు సంగతి బయటపడుతుంది. నేను మొదటిసారి విప్పినప్పుడు ఒక్కో పక్కనుంచీ చాటెడు చెత్త వచ్చింది, ఎండి పుట్టమట్టిలా అయిపోయి. తడి ఆకు అక్కడే ఉంటే కండెన్సర్‌ని తినేస్తుంది కూడా. మెత్తటి బ్రష్షు, మామూలు గొట్టం నీళ్ళు చాలు. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగిపోతాయి.

వెనక డిక్కీ తెరిచినప్పుడు తియ్యటి వాసన వస్తోందా? కార్పెట్ జిడ్డుగా తగులుతోందా? అయితే కూలెంట్ ట్యాంకు పగిలినట్టే. ఇరవై ఏళ్ళ ప్లాస్టిక్ అది, పగలకుండా ఉంటేనే వింత. ట్యాంకు మార్చే ముందు దాని నీలం మూత చూడండి. భాగం నంబరు చివర 04 ఉంటే సవరించిన మూత. అంతకు ముందు అంకెలైతే మార్చండి. చవక వస్తువు, పాత మూతలు ప్రెషర్ నిలపవు. కూలెంట్ పోసేటప్పుడు మూత పక్కనున్న చిన్న వైరు క్లిప్పు పైకెత్తి ఉంచితే లోపలి గాలి పోతుంది. అంగట్లో దొరికే పచ్చరంగు కూలెంట్‌ని పాతదానితో కలపొద్దు. కిందపడిన చుక్కలు వెంటనే కడిగేయండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

వాటర్ పంపు విషయంలో రెండు పార్టీలున్నాయి. కంపెనీ పంపులో రెక్కలు ప్లాస్టిక్‌వి, అవి విరిగి ముక్కలు కూలెంట్ దారుల్లో ఇరుక్కుంటాయి, కాబట్టి లోహపు రెక్కల పంపు వేయమంటారు కొందరు. నాది రెండో పార్టీ. బేరింగ్ అరిగిన రోజున లోహపు రెక్కలు ఇంజన్ బ్లాకునే గీకుతాయి. ప్లాస్టిక్‌దే వేసి, సుమారు 50,000 మైళ్ళకు, చెడకముందే మార్చేస్తాను. పంపు, బెల్టు చూడాలంటే సీట్ల వెనక కార్పెట్ గోడ విప్పాలి. బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్‌కి 24 మిల్లీమీటర్ల పానా కావాలి. ఒంటి చేత్తో తిప్పి బెల్టు తీయడం వస్తుంది, ఎక్కించేటప్పుడే మూడో చెయ్యి కావాలనిపిస్తుంది.

ఇక ఆయిల్. కారు చాలా కిందికి ఉంటుంది, మామూలు జాకీ దూరదు. తక్కువ ఎత్తు జాకీ కొనండి, దాని తలమీద ఐస్ హాకీ ఆడే రబ్బరు బిళ్ళ పెట్టండి. రెండు మూడు డాలర్లకు దొరుకుతుంది, జాకీ పాయింటు నలగదు. ఆయిల్ పనికి నేను మాత్రం వెనక చక్రాల్ని రేంపుల మీదికి ఎక్కించి, ముందు చక్రాలకు చెక్కలు అడ్డం పెడతాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు 8 మిల్లీమీటర్ల అలెన్ కీతో డ్రెయిన్ ప్లగ్గు విప్పండి. పెద్ద తొట్టి పెట్టండి, దాదాపు 9 క్వార్టుల (క్వార్టు అంటే లీటరుకు కాస్త తక్కువ) ఆయిల్ వస్తుంది. ఫిల్టర్ డబ్బా ప్లాస్టిక్‌ది, దానికి 74 మిల్లీమీటర్ల టోపీలాంటి రెంచి ఉంటుంది. కొత్త ఫిల్టర్, కొత్త రబ్బరు ఓ-రింగు పెట్టి, ఓ-రింగుకి కాస్త ఆయిల్ రాసి, 25 న్యూటన్ మీటర్లకు బిగించండి. డ్రెయిన్ ప్లగ్గుకి కొత్త వాషర్ వేసి 50. ప్లగ్గు దిగేది అల్యూమినియంలోకి, బిగువు కొలిచే టార్క్ రెంచి లేకుండా "ఇంకొంచెం" అని లాగితే మరలు పోతాయి. నాన్నకి చేతి లెక్క తప్ప రెంచి లెక్క తెలియదు. ఆయన బిగించి, నేను రెంచితో సరిచూస్తే ప్రతిసారీ 50కి అటూ ఇటూ రెండే తేడా. అది ఆయనకు చెల్లుతుంది, నాకు కాదు. పోర్షే ఏ40 ఆమోదం ఉన్న ఆయిల్ చూసుకోండి, నేను 0డబ్ల్యూ-40 వాడతాను. ముందు 8 క్వార్టులు పోసి, కారు చదునుగా దించి, డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది కలపండి. 5,000 మైళ్ళు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు. పాత ఆయిల్‌ని మళ్ళీ డబ్బాల్లో పోసి తీసుకెళ్తే ఇక్కడి ఆటో పార్ట్స్ షాపుల్లో ఊరికే తీసుకుంటారు.

పాత ఫిల్టర్‌ని పారేయొద్దు. ఐ.ఎం.ఎస్. టెన్షన్‌కి ఇంట్లో దొరికే మందు అదే. మడతల కాగితం కోసి, విప్పి, తెల్లగుడ్డ మీద పరిచి, ఎండలో చూడండి. గోధుమరంగు ప్లాస్టిక్ పలుకులు కనిపిస్తే చాలావరకు చెయిన్ గైడ్ల అరుగుదల, కంగారు లేదు, కానీ పెరుగుతున్నాయేమో గమనించాలి. మెరిసే రజను కనిపిస్తే దానిమీద అయస్కాంతం తిప్పండి. నాన్న లారీలకు చేసే పరీక్ష కూడా ఇదే, ఆయన అయస్కాంతం పాత స్పీకర్‌లోంచి పీకింది. అంటుకునే ఇనుప పలుకులు వస్తుంటే కారు ఆపేసి, నిపుణుడికి చూపించే వరకు స్టార్ట్ చెయ్యకండి. బేరింగ్ మార్చడం మాత్రం ఇంటిపని కాదంటాను. గేర్‌బాక్సు, క్లచ్చు, ఫ్లైవీల్ అన్నీ దించాలి, క్యామ్‌లను కదలకుండా లాక్ చెయ్యాలి. క్లచ్ మార్చే రోజున దాంతోపాటే చేయించుకుంటే కూలీ ఒకసారే. నేను అలాగే చేయించాను, అప్పుడే వెనక క్రాంక్ సీలు కూడా.

పొగ గురించి. రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేస్తే ఒక్కోసారి గుప్పెడు పొగ వస్తుంది. సిలిండర్లు పడుకుని ఉండే ఇంజన్, కాస్త ఆయిల్ లోపలికి జారుతుంది, మామూలే. వీధంతా దోమల మందు కొట్టినట్టు తెల్లగా కమ్మేసి, ఆగకుండా వస్తే ఆయిల్ ఆవిరిని వేరుచేసే పరికరంలో పొర చిరిగిందని అర్థం. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. లోపలినుంచి గట్టిగా పీల్చి పట్టుకుంటే ఖాయం. పరికరం ధర పెద్దది కాదు, అది ఉన్న చోటే శిక్ష. నాకు ఒక శనివారం, సగం ఆదివారం, మోచేతి చర్మం ఖర్చయ్యాయి.

వాన రోజున ఇంజన్ తడబడి, ఎండ రోజున బాగుంటే స్పార్కు ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్స్ పైతొడుగు పగిలిందేమో చూడండి. వెనక చక్రాలు విప్పితే ఒక్కో పక్క మూడేసి అందుతాయి. ఎలాగూ విప్పారు కాబట్టి ఆరు స్పార్కు ప్లగ్గులూ మార్చేయండి, 30 న్యూటన్ మీటర్లు. చక్రాల బోల్టులకు 130.

తాళం తిప్పి వదిలినా వెనక్కి రాకపోతే పెద్ద ఖర్చని బెదరకండి. ఇగ్నిషన్ స్విచ్ వెనకుండే కరెంటు భాగం ఒక్కటే పోతుంది. అదే భాగం ఆడి, ఫోక్స్‌వ్యాగన్ కార్లలోనూ వాడారు, ఆ పేరుతో కొంటే ధర తేడా చూసి నవ్వొస్తుంది. రెండు చిన్న మరలు, వాటిమీద ఎర్ర రంగు లక్క. తల కిందికి, కాళ్ళు సీటుమీదికి పెట్టి విప్పాలి, అదొక్కటే కష్టం.

నా కారుకు వెనక కిటికీ ప్లాస్టిక్‌ది (2003 నుంచి గాజు వచ్చింది). టాప్ దించేటప్పుడు సగంలో ఆపి, కారు దిగి, మడత పడే చోట అరచేత్తో లోపలికి నొక్కాలి. లేకపోతే అడ్డదిడ్డంగా మడతపడి ఆ గీత దగ్గరే పగులుతుంది. చలికి ప్లాస్టిక్ గట్టిపడుతుంది, డిసెంబరులో ఎండ వచ్చింది కదా అని టాప్ తెరవకండి.

చలికాలమంతా నా కారు బ్యాటరీ మెయింటైనర్‌కి తగిలించి ఉంటుంది. ఎందుకంటే 2002లో ముందు డిక్కీ తెరుచుకునేది కరెంటుతో, బ్యాటరీ ఉన్నదేమో ఆ డిక్కీలోనే. చార్జీ అయిపోతే పెట్టెలో తాళంచెవి పెట్టి తాళం వేసినట్టే. అలా జరిగితే డ్రైవర్ కాళ్ళ దగ్గరి ఫ్యూజు పెట్టెలో ఎర్రగా ఉండే పిన్ను బయటికి లాగి, దానికి వేరే బ్యాటరీ ప్లస్ తీగ, తలుపు కీలుకు మైనస్ తీగ పెడితే డిక్కీ తెరుచుకునేంత కరెంటు వస్తుంది. అలారం అరుస్తుంది, అరవనివ్వండి. బ్యాటరీ తీగ విప్పి పనిచేసే రోజుల్లో మాత్రం డిక్కీ కొక్కేనికి పాత తువ్వాలు చుట్టి ఉంచండి. మా ఇంట్లో ఆ డిక్కీని పొరపాటున మూసేసినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా అబ్బాయి. రెండోవాళ్ళ పేరు చెబితే నాన్న ఒప్పుకోరు.