మార్చి రాకముందే మేనేజర్లు చూసుకోవాల్సినవి

శ్రీసిటీలోనో, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లోనో, చిత్తూరు మామిడి పల్ప్ యూనిట్లలోనో మేనేజర్‌గా చేస్తా ఉన్నవాళ్లు ఇప్పుడే కాస్త టైం పెట్టి ఇది చదవండి, మార్చి 31కి లెక్కలు క్లోజ్ చేసే టైంలోనే చాలా కంపెనీలు ఏ సీటు కావాల ఏది వద్దు అని చూస్తాయి.

పర్మినెంట్ కదా, తీసేస్తే లేబర్ ఆఫీసుకు పోదాంలే అనుకుంటారు చాలామంది. నిజంగా మేనేజర్ పని చేసేవాళ్లు చట్టం లెక్కలో కార్మికుల కిందికి రారు, 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో అంతే, 2025 నవంబర్ 21న దాని బదులు అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అంతే. కార్డు మీద మేనేజర్ అని ఉండి చేసేది క్లర్కు పనే అయితే సంగతి వేరే. నిజంగా మేనేజర్ పని చేసేవాళ్లకు ఈ చట్టం అండ లేదు కాబట్టి అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీసి నోటీస్ పీరియడ్ ఎంతుందో ఈ రోజే చూడండి.

ఇంక అసలు సంగతి. కింద ఇంతమంది ఉన్నారు కదా అనే ధైర్యం పెట్టుకోవద్దు. కిందోళ్లిచ్చిన రిపోర్టు పైకి పంపడమే మీ పనైతే ఆ పని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేసేస్తాది. లైన్ దగ్గరికి పోండి, రిజెక్షన్ ఎందుకొస్తాందో, మెషిన్ ఎందుకు ఆగతాందో మీరే పట్టుకోండి, పల్ప్ యూనిట్ అయితే తోతాపురి సీజన్‌లో గేటు బయట ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడకుండా టోకెన్లు ఎట్ల ఇస్తే బాగుంటాదో ముందే ఆలోచించి చెప్పండి, ముందు ఎంతుండె, మీరు చేసినాక ఎంతయింది అని నెలనెలా రాసి పెట్టుకోండి, అప్రైజల్‌లో అదే మాట్లాడతాది. పని జూనియర్లకు నేర్పకుండా దాచుకుంటే సీటు సేఫ్ అనుకునేవాళ్లని చూస్తే నాకు బాధేస్తాది, వాళ్లని పైకి తీసుకోవాలన్నా ఆ సీటులో పెట్టడానికి మనిషే ఉండడు.

పేస్లిప్పులు, ఫారం 16, ఇంక్రిమెంట్ లెటర్లు ఇంట్లో ఒక కాపీ ఉంచుకోండి. కంపెనీ డేటా మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, తీసేయడానికి అదొక్కటి చాలు.

హెచ్ఆర్ పిలిచి ఇప్పుడే రిజైన్ చేయమంటే అక్కడికక్కడే సంతకం పెట్టద్దండి, టైం అడగండి, ఏం ఇస్తారో మెయిల్‌లో రాసిమ్మనండి. వేతనాల కోడ్ ప్రకారం రిజైన్ చేసినా తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాల.

ఇన్సూరెన్స్ సంగతి అందరూ మర్చిపోతారు. ఉద్యోగం పోతే కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ కూడా పోతాది. అమ్మానాన్నకు షుగరో బీపీయో ఉంటే కొత్త పాలసీలో వాటికి క్లెయిమ్ ఇయ్యని వెయిటింగ్ పీరియడ్ మూడేళ్ల దాకా ఉండొచ్చు, కాబట్టి జీతం వస్తా ఉన్నప్పుడే సొంతంగా ఒకటి తీసుకోండి.