మిషిగన్ ఉప్పులో క్రోమ్ రిమ్ములు

మేముండేది డెట్రాయిట్ పక్కన. మా ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కుకి బయట కొన్న క్రోమ్ రిమ్ములు వేయించి ఆరు చలికాలాలైంది. మూడింటిలో ఇప్పటికీ ముఖం చూసుకోవచ్చు. నాలుగోది పోవడానికి కారణం నేనే.

క్రోమియం పొర వెంట్రుక కంటే చాలా పలచన. మెరుపులో ఎక్కువ భాగం దాని కిందున్న నికెల్‌ది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు సన్న పగుళ్లలోంచి దిగి అడుగు లోహాన్ని తింటుంది. పూత పొక్కులా లేచాక ఏ పాలిషూ పనిచేయదు, మొత్తం ఊడదీసి మళ్లీ వేయించాల్సిందే.

అందుకే డిసెంబర్ నుంచి మార్చి దాకా వారానికోసారి కడుగుతాను. ముందు రిమ్ము మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా తగలాలి. వేడి మీద సబ్బు ఎండి మరకలు కడుతుంది. నీళ్లతో బ్రేకు దుమ్ము వదిలించి, కారు షాంపూ, మెత్తటి గుడ్డ వాడండి. నట్ల గుంతల్లోకి పాత టూత్‌బ్రష్ సరిపోతుంది. యాసిడ్ క్లీనర్ జోలికి మాత్రం వెళ్లకండి.

లోపలి వైపు కూడా కడగండి. మొదటి చలికాలం నేను వదిలేశాను. వెనక ఎడమ టైరులో వారం వారం గాలి తగ్గేది. టైరు ఊడదీస్తే, అంచు కూర్చునే చోట పూత చేపపొలుసుల్లా రాలింది.

పొడిగా తుడిచి, చలికి ముందూ తర్వాతా వాక్స్ పట్టించండి. రిమ్ములు విప్పి బిగించాక 50 నుంచి 100 మైళ్లలోపు టార్క్ రెంచీతో (బిగింపు బలం కొలిచే పానాతో) నట్లు మళ్లీ చూసుకోండి. మా ట్రక్కుకి బిగింపు 150 పౌండ్-అడుగులు, మీదానికి ఎంతో మాన్యువల్లో ఉంటుంది.